సున్నా మడి

వాన కోసం ఏప్రిల్ నుంచి ఆకాశంకేసి చూసి చూసి మెడ నొప్పి తెచ్చుకున్న ఎలోఫ్, ఆ బుధవారం పొద్దున మాత్రం వాన ఇంకో రెండు రోజులు ఆగితే బాగుండునని కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెట్టర్న్ సరస్సు పక్కన ఆ మైదానంలో పుట్టి, డెబ్బై దాటేదాకా గోధుమ తప్ప మరో ధ్యాస లేకుండా బతికిన మనిషి జూన్ నెలలో వాన వద్దనుకోవడం ఏమిటి?

రేడియో మాత్రం సాయంత్రానికి వాన ఖాయమంది. ఎలోఫ్ రేడియో కట్టేశాడు. మళ్లీ పెట్టాడు. బూట్లు వేసుకుని వాకిట్లోకి వెళ్లాడు, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు, బూట్లు విప్పాడు, కుర్చీలో కూర్చున్నాడు. ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

సంగతి చిన్నదే. గోధుమకి ఆఖరి విడత ఎరువు కంకి బయటపడక ముందే పడాలి, దాని మీద వాన కురవాలి. వాన ముందు చల్లిన ఎరువు వేరుకి దిగుతుంది. వాన వెళ్లిపోయాక చల్లితే గుళికలు ఎండిన మట్టి మీద పంచదార పలుకుల్లా కూర్చుని ఎవరికీ కాకుండా పోతాయి. ఆ వసంతమంతా జరిగింది అదే. అంటే చల్లాలంటే ఇవాళే చల్లాలి, చీకటి పడేలోగా చల్లాలి. కోడలు మారిత్ అసలు అక్కర్లేదని తేల్చేసింది. సున్నా మడిని చూసి తేల్చింది. ఆ సున్నా మడిని ఎలోఫ్ పాడుచేశాడు. ఆ ముక్క ఎలోఫ్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కొడుకు ఎస్కిల్‌కి నేల మీద కాలు నిలవదు. గాలిమరలు బాగుచేసే ఉద్యోగం, వారంలో ఐదు రోజులు ఎక్కడో సముద్రం మధ్య స్తంభం మీద వేలాడుతుంటాడు. కాబట్టి ఈ ఏడు వ్యవసాయం మారిత్ చేతికి వచ్చింది. ఆమెది ఉత్తరాది, స్కెలెఫ్తెయో అవతల. అక్కడ వేసవి తుమ్మినంతసేపు ఉంటుంది. విత్తనంతో పాటే ఎరువు ఒక్కసారి వేసేసి దణ్ణం పెట్టుకుంటారు. కింద దక్షిణాన సముద్రపు గాలి తగిలే స్కోనెలో అయితే విడతలు విడతలుగా, బిడ్డకి గోరుముద్దలు పెట్టినట్టు వేస్తారు. మధ్యలో ఈ మైదానం ఉంది. వానలు పక్క జిల్లా దాకా వచ్చి, సరస్సు దాటేసరికి చేతులు దులుపుకునే చోటు. ఇక్కడ ఎలోఫ్ తన తండ్రి చెప్పిన తారీఖులకే ఎరువు వేశాడు, ఆ తండ్రి తన తండ్రి చెప్పిన తారీఖులకి వేశాడు. తారీఖులు మారలేదు. ఎండలే మారాయి.

"తారీఖుని అడిగితే ఏం తెలుస్తుంది మామయ్యా, నేలని అడుగుదాం," అంది మారిత్. మొదటి విడత చల్లే రోజు పొలంలో ఒకచోట టార్పాలిన్ పరిచి, ఆ పట్టా మేర ఒక్క గుళిక కూడా పడకుండా చూసింది. అదే సున్నా మడి. చుట్టూ ఎరువు తిన్న పైరు, మధ్యలో ఏమీ తినని పైరు. ఆ మడి పాలిపోతే నేల పేదది, పైనుంచి పెట్టాలి. పచ్చగా ఉంటే నేల తనంతట తానే పెడుతోందని లెక్క. జిల్లాలన్నిటా ఇలాంటి మడులు ఉన్నాయి. సలహాదారు ఉల్‌రీకా వాటి రంగు చూసి వారం వారం రైతులకి సందేశం పంపుతుంది, ఏ ప్రాంతంలో ఎంత చల్లాలో. మైదానానికి చెందిన మడి ఎలోఫ్ పొలంలోది.

పద్ధతి మంచిదే. కానీ పిల్ల దాన్ని పెట్టిన చోటే వచ్చింది చిక్కు. రోజూ చూసుకోవడానికి వీలుగా ఉంటుందని చర్చికి వెళ్లే రోడ్డు పక్కనే పెట్టింది.

ఆ మైదానంలో రోడ్డు పక్క పొలమంటే రైతు మొహమే. లోపలి పొలాల్లో ఏం పండినా ఎవడూ అడగడు. రోడ్డు పక్కన ఎరువు చల్లే యంత్రం ఒక్క చాలు వదిలేసిందా, అక్కడ పైరు పాలిపోయి చార కనపడుతుంది, కోతల దాకా చెరగదు. ఆ వేసవంతా కాఫీ తాగే ప్రతి చోటా అదే మాట. ఎలోఫ్ జీవితంలో అలాంటి చార ఒక్కటి లేదు. అది అతని గొప్ప. చెప్పుకునేవాడు కాదు, కానీ అందరికీ తెలుసని అతనికి తెలుసు.

మే నెల నడిమికి మడి పాలిపోయింది. పక్క పొలం రగ్నార్ కారు ఆపి, అద్దం దించి, తీరిగ్గా చూశాడు.

"ఏరా ఎలోఫ్, పొలానికి చిరుగు పడినట్టుందే! కోడలికి సూదీ దారం కొనిపెట్టలేదా?"

"అది కావాలనే వదిలిందిరా. పరీక్ష."

"ఆహా, కావాలనే! మా నాన్న కూడా తాగి నాగలి వంకర తోలినప్పుడు అదే అనేవాడు."

రగ్నార్ నవ్వుకుంటూ పోయాడు. ఆదివారం చర్చి దగ్గర ఇంకో ఇద్దరు చిరుగు సంగతి అడిగారు. ఎలోఫ్‌కి తల కొట్టేసినట్టయింది. విడమరిచి చెప్పబోతే సాకులు చెబుతున్నట్టు ఉంది, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు ఉంది.

ఆ మధ్యాహ్నం మారిత్ సరస్సుకి ఈతకి వెళ్లగానే, ఎలోఫ్ ఒక బకెట్లో కాస్త ఎరువు, పూలమొక్కల నీళ్ల క్యాను పట్టుకుని రోడ్డు పక్కకి నడిచాడు. గుప్పెడు చల్లాడు. మడి చుట్టుపక్కల పైరులో కలిసిపోతే చాలు, అంతకు మించి ఆశ లేదు. కానీ అంత ఎండలో నీళ్లు లేనిదే గుళిక కరగదు, అందుకని నీళ్లు పోశాడు. మర్నాడు వేకువన చూస్తే మట్టి మళ్లీ ఎండిపోయింది, మళ్లీ పోశాడు. అలా అలవాటైపోయింది. రైతు చేతికి క్యాను ఇచ్చి, ఎండుతున్న పైరు ముందు నిలబెట్టి, ఇక చాలు అంటే ఆగుతాడా?

అతి చేశాడు. జూన్ వచ్చేసరికి పొలమంతా దాహంతో వాడి బూడిదరంగు తేలుతుంటే, ఎరువు ఎరగదని అంతా అనుకుంటున్న సున్నా మడి ముదురు పచ్చగా నవనవలాడుతూ నిలబడింది.

మారిత్ పరిగెత్తుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

"చూడు మామయ్యా, చూడు! నాకు అర్థమైంది. ఎరువు తిన్న పైరు వసంతంలో విపరీతంగా ఆకు వేసింది, ఆ ఆకు నేలలో తేమంతా పీల్చేసింది. ఇదేమో మితంగా పెరిగింది, నీళ్లు దాచుకుంది, నేల పెట్టింది తింటోంది. నేలే పెడుతోంది! ముప్పై ఏళ్లు నువ్వు పందుల పెంట తోలావే, అదంతా ఇంకా ఇక్కడే ఉంది!"

ఎంత తెలివైన మాట! ఎంత తప్పు మాట! అప్పుడే చెప్పేస్తే పోయేది. ఆమె మొహం వెలిగిపోతోంది, జీవితంలో ఎలోఫ్‌ని ఎవరూ ఇంత మెచ్చుకోలేదు. చివరికి అతను అన్నది ఇది:

"అవును. మంచి పందులు."

ఉల్‌రీకా వచ్చింది. ఆకుకి పచ్చదనం కొలిచే చిన్న యంత్రం తగిలించి అంకె చూసి ఈల వేసింది. ఆ వారం సందేశంలో, మైదానంలో పెంట తోలిన బంకమట్టి నేలలకి ఈ ఏడు ఆఖరి విడత అక్కర్లేకపోవచ్చు అని రాసింది. అందరూ వచ్చి కళ్లారా చూసుకోవచ్చని బుధవారం మధ్యాహ్నం పొలం నడక పెట్టింది. ఎలోఫ్‌కి గుండెల్లో రాయి పడింది. తన గోధుమ ఒక్కటే కాదు, తన క్యాను నీళ్లు నమ్ముకుని మైదానమంతా యంత్రాలు కొట్టంలో పెట్టేసుకుంటోంది.

ఆ బుధవారం పొద్దునే ఇది. వాన వస్తానంటోంది.

బూట్లు మళ్లీ వేసుకుని ఎలోఫ్ కొట్టంలోకి వెళ్లాడు. తనే చల్లేస్తే సరి, చెప్పే బాధ ఉండదు. ట్రాక్టర్ ఎక్కాడు. మారిత్ కొన్న కొత్త యంత్రం తెర వెలిగించి ఏదో అడిగింది. ఒక బొమ్మ నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. యంత్రం ఊరంతా వినపడేలా కూయడం మొదలుపెట్టింది.

మారిత్ నోట్లో పళ్లు తోముకునే బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావు మామయ్యా?"

"ఎరువు చల్లుదామని."

"అక్కర్లేదనుకున్నాం కదా!"

"నువ్వనుకున్నావు. నేను... మడికి నీళ్లు పోశాను."

"ఏ మడికి?"

"మనకెన్ని మడులున్నాయమ్మాయ్? సున్నా మడికి. కాస్త ఎరువు కూడా వేశాను."

"కాస్తంటే?"

"గుప్పెడు. తర్వాత ఇంకో గుప్పెడు. నీళ్లు మాత్రం రోజూ."

వాళ్ల ఉత్తరాదిలో అవునన్నమాట నోటితో అనరు, చప్పున ఊపిరి లోపలికి పీలుస్తారు. మారిత్ అలాగే పీల్చింది. ఆ ఊపిరి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"ఎందుకు?"

"రోడ్డు మీదకి కనపడుతోంది."

ఆమె యంత్రం ఆపి, ట్రాక్టర్ మెట్టు మీద కూలబడింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మామయ్య నాకు బంగారంలాంటి నేల ఇచ్చాడమ్మా అని. ఏడ్చాను కూడా, పిచ్చిదానిలాగా."

ఎలోఫ్ ట్రాక్టర్ తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మొహం తుడుచుకుంది. "సరే. ఇప్పుడు ఎంత చల్లాలి? మడి లేదు, నాకు తెలీదు. నువ్వు చెప్పు."

"నాకూ తెలీదమ్మా. నాకు తెలిసిన జూన్ కాదిది."

"అయితే సగం చల్లుతాను. జనం వెళ్లిపోగానే మొదలుపెడతాను, వానకి ముందే అయిపోతుంది." లేచి ప్యాంటు దులుపుకుంది. "ఉల్‌రీకాకి మడి పాడైందని చెప్పేస్తాను. అందరికీ చెప్పాలి, తప్పదు. టార్పాలిన్ నేనే సరిగ్గా పరవలేదని చెబుతాను. నువ్వు మాట్లాడకు."

"నువ్వెందుకు..."

"నువ్వు వీళ్లతో చచ్చేదాకా కాఫీ తాగాలి. నేను ఎలాగూ ఉత్తరాదిదాన్ని. నన్ననడానికి వీళ్ల దగ్గర కొత్తగా ఏమీ మిగల్లేదు."

వద్దనాలి. ఎలోఫ్ అనలేదు. నిజం చెప్పాలంటే ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. ఆ హాయి తనకి తెలిసినందుకు సిగ్గుపడ్డాడు, కానీ హాయి హాయిగానే ఉంది.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. రోడ్డు పక్కన కార్లు, గడ్డి మీద మడత బల్ల, బల్ల మీద దాల్చినచెక్క రొట్టెలు, రెండు పెద్ద కాఫీ కూజాలు. ఆ మైదానంలో కాఫీ లేని పొలం నడక ఉండదు. ముందు మాటలు, తర్వాత కాఫీ, అది వరస. సరస్సు వైపు మబ్బు నల్లబడుతోంది. అందరూ దాన్ని ఓరకంట చూస్తూ కాళ్లు మారుస్తూ నిలబడ్డారు.

ఉల్‌రీకా సందేశం వెనక్కి తీసుకుంటున్నానంది. మడి నమ్మడానికి లేదు, ఎవరి పొలం సంగతి వాళ్లే తేల్చుకోవాలి, చల్లదలుచుకుంటే ఇవాళే చల్లాలి అంది. గొణుగుడు బయల్దేరింది. ఆ వారమే యంత్రం కడిగి లోపల పెట్టిన వాళ్లు చాలామంది ఉన్నారు.

మారిత్ ముందుకొచ్చింది. "తప్పు నాది. టార్పాలిన్ జరిగింది, నేను చూసుకోలేదు. క్షమించండి."

"చూసుకోలేదా?" రగ్నార్ టోపీ వెనక్కి నెట్టాడు. "అమ్మాయ్, మీ ఊళ్లో రాళ్లు పండిస్తారు, వాటికి ఎరువు ఎటు పడినా ఒకటే. ఇక్కడ గోధుమ పండిస్తాం."

నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది, పెదవి కదిలింది కానీ నవ్వు రాలేదు.

"గుడ్డపట్టా పరచడం రానివాళ్లు మైదానానికంతటికీ బుద్ధులు చెప్పబోయారు," అన్నాడు వెనక నుంచి ఒకడు.

రగ్నార్ ఎలోఫ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మా ఎలోఫ్ చేసిన రోజుల్లో ఈ పొలంలో ఒక్క చార చూశామా? చెప్పండ్రా. ఒక్కటంటే ఒక్కటి!"

లేదు లేదన్నారు అంతా. ఎలోఫ్ యాభై ఏళ్లుగా వినాలనుకున్న మాట అది. అందరి ముందు, రోడ్డు పక్కన, రగ్నార్ నోటి వెంట వింటున్నాడు. కోడలు తల వంచుకుని బూటు కొనతో మట్టి గెలుకుతోంది. రగ్నార్ చెయ్యి భుజం మీద నిప్పులా తగిలింది.

"టార్పాలిన్ జరగలేదు," అన్నాడు ఎలోఫ్. "నేనే ఎరువు వేశాను. నీళ్లు కూడా పోశాను."

రగ్నార్ మొహంలో ఏదో మెత్తబడింది.

"మంచివాడివిరా. చాలా మంచివాడివి. కానీ ఇంట్లో పిల్లని కాపాడుకోవాలంటే ఇంకాస్త నమ్మేలా చెప్పాలి."

"నిజంగానే చెబుతున్నానురా! పూలమొక్కల క్యానుతో పోశాను. వేకువన."

"క్యానుతో! గోధుమకి!" ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "దేవుడా, ఇలాంటి మామ అందరికీ దొరకడు."

"మారిత్, నువ్వు చెప్పమ్మా!"

మారిత్ తలెత్తింది. "ఆయన చెప్పింది నిజమే. నీళ్లు పోసింది ఆయనే."

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు జరిగిందే అన్నిటికన్నా అన్యాయం. వెనక నుంచి ఎవరో నెమ్మదిగా, కానీ వినపడేలా అన్నారు: "చూశారా, ముసలాయన సాయానికి వస్తే మొత్తం ఆయన నెత్తినే రుద్దేసింది."

ఎలోఫ్‌కి ఒళ్లు మండిపోయింది. అబద్ధం ఆడితే ఆమె పరువు పోయింది. నిజం చెప్పినా పోయేది ఆమె పరువే. తను ఇంత కాలం కూడబెట్టుకున్న మంచిపేరు గోడలా అడ్డం నిలబడింది, ఎంత గుద్దినా కదలడం లేదు. ఏం చేస్తే నమ్ముతారు వీళ్లు? ఏం చూపిస్తే నమ్ముతారు?

బల్ల దగ్గరికి నడిచాడు. రొట్టె మూటగట్టిన గుడ్డ లాగి భుజాన వేసుకున్నాడు, కాఫీ కూజా ఎత్తాడు. ఎవరూ ఇంకా కప్పు ముట్టుకోలేదు, కూజా నిండుగా ఉంది. దాన్ని పట్టుకుని పొలంలోకి దిగి, యంత్రపు చక్రాల జాడ వెంట ఒక్క మొక్క తొక్కకుండా మడి దగ్గరికి వెళ్లాడు.

"ఎలోఫ్! అది కాఫీరా!" రగ్నార్ గొంతులో నిజమైన భయం పలికింది.

ఎలోఫ్ కూజా వంచాడు. ఎడమ చేతి వేలు ధారకి అడ్డంపెట్టబోయి, కాలడంతో చప్పున తీసి, రొట్టె మూటగట్టిన గుడ్డ అడ్డంపెట్టాడు. ధార పలచగా చీలి వరస మీద జల్లులా పడింది. మూల దగ్గర మణికట్టు తిప్పాడు, అక్కడ మట్టి ఎత్తుగా ఉంది, నీళ్లు జారిపోతాయి, అందుకని అక్కడ ఆగి కొంచెం ఎక్కువ పోశాడు. వెనక్కి తిరిగి రెండో వరస పట్టాడు. చూడకుండానే కాలు ఎక్కడ పెట్టాలో అక్కడ పడుతోంది. అప్పుడే కనపడింది అందరికీ, పైరు మధ్యలో మనిషి పాదాలు మాత్రమే పట్టే సన్నటి దారి, ఎన్నో వేకువల్లో తొక్కి తొక్కి గట్టిపడినది.

పొగలు కక్కే కాఫీ గోధుమ మొదళ్లలోకి ఇంకుతోంది. ఆ మైదానంలో ఆడపిల్ల కోసం అబద్ధం ఆడే మగవాడు ఉండొచ్చు. కానీ అబద్ధం కోసం అంత కాఫీ నేలపాలు చేసేవాడు అక్కడ పుట్టలేదు, అది అందరికీ తెలుసు.

రగ్నార్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎందుకురా ఎలోఫ్?"

"నువ్వు చిరుగన్నావు," అన్నాడు ఎలోఫ్. "చిరుగన్నావు, నేను పడలేకపోయాను. నా కోడలు మాత్రం పొద్దుటి నుంచి పడుతోంది, నా బదులు."

రగ్నార్ మారిత్ వైపు తిరిగి, నేల చూస్తూ, అమ్మాయ్ అన్నాడు. ఇంతలో సరస్సు వైపు నుంచి చల్లటి గాలి కొట్టింది. మడత బల్ల మీద కాగితపు కప్పులు ఎగిరిపోయాయి. ఎవరికి వాళ్లకి కొట్టంలో కడిగి పెట్టిన యంత్రాలు గుర్తొచ్చి, రొట్టెలు కూడా ముట్టకుండా కార్ల వైపు పరుగులు తీశారు.

ఎలోఫ్ ఖాళీ కూజాతో పైరు మధ్య నిలబడిపోయాడు. మారిత్ అప్పటికే ట్రాక్టర్ వైపు పరిగెడుతోంది. సగం దూరం వెళ్లి ఆగి వెనక్కి తిరిగింది.

"మామయ్యా! ఆ రెండో కూజా ముట్టుకున్నావో చూడు. పని అయ్యాక నేను తాగాలి."

ఆమె ఇంకా కోపంగానే ఉంది. ఎలోఫ్ బల్ల మీది ఆ నిండు కూజా తీసుకుని ఇంటివైపు నడిచాడు, ఆమె వచ్చేదాకా కాఫీ వేడిగా ఉంచడానికి.